‘రాదు’ చెరిగిపోయిన సీసా

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, నువ్వు ఉద్యోగం మానేసి బాత్రూమ్ క్లీనర్లు తయారు చేయబోతున్నావనీ, లేబుల్ కూడా నువ్వే కంప్యూటర్ ముందు కూర్చుని గీసేశావనీ చెప్పింది. ఫోటో కూడా పంపింది. చూసి ఎంత మురిసిపోయానో అంత భయమూ వేసింది. ముప్పై ఏళ్ళు లేబుళ్ళ ప్రెస్సులో ఆర్ట్‌వర్క్ బల్ల ముందు కూర్చున్న పెద్దమ్మ ఒకతె ఉండగా ఒక్క మాట అడగాలనిపించలేదుటే నీకు? అడగకపోయినా చెప్తాను. నిన్న రాత్రి నిద్ర పట్టలేదు మరి.

తేలికవి ముందు. కోత గీత దాటి చుట్టూ 3 మిల్లీమీటర్లు రంగు పోనివ్వు, లేకపోతే అంచున తెల్లగీత వస్తుంది. స్క్రీన్ మీద మెరిసే ఆ ఆకుపచ్చ అచ్చులో అలా రాదు, ప్రూఫ్, అంటే అచ్చు నమూనా, తెప్పించుకుని చూడు. తేదీ, బ్యాచ్ నంబర్ కొట్టే చోట వార్నిష్ పూత వెయ్యొద్దని ప్రెస్సువాళ్ళకి రాసివ్వు. వార్నిష్ మీద ఆ ఇంకు సరిగా పట్టదు, వేలితో రుద్దితే పోతుంది. నొక్కి పోసే మెత్తటి సీసా అయితే కాగితం వద్దు, ముడతలు పడుతుంది. ప్లాస్టిక్ ఫిల్మ్ లేబుల్ అడుగు.

బార్‌కోడ్‌ని ఎర్రగా వేశావేమిటే? అందంగానే ఉంది. కానీ దుకాణాల్లో స్కానర్లు చాలావరకు ఎర్రకాంతితోనే చదువుతాయి. ఆ కాంతిలో ఎర్రగీత, తెల్లకాగితం రెండూ ఒకటే దానికి. తెల్లని దాని మీద నల్లగీతలు, అంతే. మామూలు సైజు వెడల్పు 37 మిల్లీమీటర్లు, తగ్గించినా అందులో ఎనభై శాతం కంటే చిన్నది కాకూడదు. రెండు పక్కలా ఖాళీ వదలాలి. సన్నటి గుండ్రటి సీసా అయితే గీతల్ని నిచ్చెన మెట్లలా అడ్డంగా తిప్పు, లేకపోతే చివరి గీతలు వంపులోకి పోతాయి. 1974లో దుకాణంలో మొదటి వస్తువు స్కాన్ చేసినప్పటి నుంచీ డిజైనర్లకి ఆ గీతలంటే కంటగింపే. పాపం, వాటి పని వాటిని చేసుకోనివ్వండమ్మా.

ఇక నిద్ర పట్టనివ్వని సంగతి. ఇది మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు.

నేను పనిలో చేరిన నాలుగో ఏడు. యాసిడ్ కలిసిన టాయిలెట్ క్లీనర్ లేబుల్ వచ్చింది. పేరు పెద్దగా ఉండాలి, పువ్వు ఇంకా పెద్దగా ఉండాలి, మిగతాదంతా వెనక ఎక్కడో ఒకచోట ఇరికించండి అన్నాడా కంపెనీ ఆయన. ఇరికించడంలో నన్ను మించినవాళ్ళు లేరని నాకో గర్వం. ముదురు నీలం మీద తెల్ల అక్షరాలు, 4 పాయింట్ల బుల్లి సైజు. ఆ నీలం మూడు రంగులు ఒకదాని మీద ఒకటి పడితే వచ్చేది. ఒక్క రంగు వెంట్రుకవాసి జరిగినా సన్నటి తెల్ల అక్షరం పూడుకుపోతుంది. మన ఒత్తులూ గుడులూ అయితే మరీను. ప్రూఫ్ మీద భూతద్దం పెట్టి చూశాను, అక్షరం అక్షరం చదివాను, సంతకం పెట్టాను. ఖర్చు తగ్గాలని ఆయన లామినేషన్, అంటే పైన అంటించే పల్చటి ప్లాస్టిక్ పొర, తీసేయమంటే, నాదేం పోయిందని సరే అన్నాను.

మూడు నెలలకి ఆయన ఒక సీసాని కవర్లో చుట్టుకుని వచ్చాడు. ఎవరో పెద్దావిడ బాత్రూమ్ తలుపు వేసుకుని, ఇది పోసి, చాలదని పైన బ్లీచింగ్ పోసిందట. యాసిడ్, బ్లీచింగ్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. దగ్గుతూ తలుపు దాకా వచ్చి పడిపోయింది. రెండు రోజులు ఆసుపత్రిలో ఉండి బతికి బయటపడింది. ఆయన అడిగిందల్లా ఒక్కటే, “కలపకూడదని రాశామా లేదా?”

“రాశాం సార్” అన్నాను. ఆ మాట చెప్పేటప్పుడు నాకు హమ్మయ్య అనిపించింది చూడు, దానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఆయన వెళ్ళాక సీసాని చేత్తో పట్టుకుని, పోస్తున్నట్టు వంచాను. సరిగ్గా హెచ్చరిక మీదే పడింది నా బొటనవేలు. మూతి నుంచి కారిన చుక్క కూడా అక్కడికే దిగుతుంది. లామినేషన్ లేని కాగితం తడికి నాని, వేలి రాపిడికి పొట్టు లేచి, వేలెడంత తెల్లమచ్చ పడింది. “బ్లీచింగ్ పౌడర్‌తో కలప” దాకా కనిపిస్తోంది. “రాదు” లేదు.

ఆ రోజు నుంచి నాకు మన వాక్యం మీదే అనుమానం పట్టుకుంది. మనకి వద్దన్న మాట చివర్లో వస్తుంది. కలపరాదు, తాగరాదు, తాకరాదు. తోక తెగితే అర్థం తిరగబడుతుంది. అందుకే తర్వాత ఎప్పుడూ ప్రమాదాన్నే ముందు రాశాను. “విషవాయువు వస్తుంది: బ్లీచింగ్‌తో కలపవద్దు.” సగం చెరిగినా మిగిలిన సగం భయపెట్టాలి. తెల్లని చోట నల్ల అక్షరాలు, చెయ్యి పడని చోట, చుక్క కారని చోట. దానికోసం పువ్వు చిన్నదైతే కానీ.

నీ లేబుల్ వెనక హెచ్చరిక ఎక్కడుందో చూసుకున్నావా? కింద, కుడి మూల. లేత ఆకుపచ్చ మీద తెలుపు. ఫోటో చూసి గుండె గుభేలుమంది తల్లీ.

ఆ నిమ్మకాయ బొమ్మ కూడా తీసెయ్. వాసన కోసం వేశావని తెలుసు. చదవడం రాని పిల్లలకి, కళ్ళజోడు వెతుక్కునే ముసలివాళ్ళకి పండు బొమ్మ, పసుపు నీళ్ళు కనిపిస్తే అది తాగేదే. చిన్న మూలైనా చాలు, పువ్వు పెట్టుకో. నువ్వు సొంతంగా గీసిన హెచ్చరిక త్రికోణం ఎవరికీ అర్థం కాదు. యాసిడ్‌కి ఎర్రటి డైమండ్ చట్రంలో, చేతి మీదా లోహం మీదా ద్రవం పడి తినేస్తున్న నల్లబొమ్మ ఉంది. ప్రపంచమంతా ఒకే గుర్తులు ఉండాలని ఐక్యరాజ్యసమితి 2003లో తెచ్చిన పద్ధతి అది. ఇంకోటి, ఎరుపు సీసా బాత్రూమ్‌కి, ఆకుపచ్చ సీసా ఫ్లోర్‌కి అని రంగుతోనే తేడా చూపించావు. మగవాళ్ళలో కొందరికి ఆ రెండు రంగుల తేడా సరిగా తెలియదు. మీ పెదనాన్నకీ అంతే, పెళ్ళైన ఆరేళ్ళకి గానీ బయటపెట్టలేదు మహానుభావుడు. రంగుతో పాటు పేరూ మార్చి పెద్దగా వెయ్యి.

తిట్టానని చిన్నబుచ్చుకోకు. అచ్చుకి ముందే తిట్టాను, అదే నయం. ఆ ముందు వైపు అక్షరాల పొందిక చూసి, ఇది నా పిల్ల చేసిందని పక్కింటావిడకి కూడా చూపించాను.

నాకు ఫైల్ పంపకు. నాలుగు లేబుళ్ళు ప్రింట్ తీసి, నిండు సీసాలకి అతికించి, వారం రోజులు మీ బాత్రూమ్‌లో వాడు. వాడి వాడి పాతబడిన సీసా ఒకటి పంపు. కళ్ళజోడు తీసేసి, తడి చేత్తో పట్టుకుని చదువుతాను.

మీ పెద్దమ్మ