ఇంతకీ ఏ ఆవు?

అమ్మాయీ,

నీ కథ, దానికి నువ్వే చేసుకున్న ఇంగ్లీషు అనువాదం, రెండూ చదివాను. కథ బాగుంది. ఇంగ్లీషులోనే ‘ద’ (the)లు ముగ్గుపిండిలా చల్లుకుంటూ పోయావు, కావలసిన చోట మాత్రం లేవు. గ్రామరు పుస్తకం మళ్ళీ తిరగెయ్యనా అని అడిగావు. వద్దు. ఏడు చేపల కథ ఒకసారి పైకి చెప్పుకో.

అనగనగా ఒక రాజు. ఆ రాజుకి ఏడుగురు కొడుకులు. మొదటిసారి ‘ఒక’, రెండోసారి ‘ఆ’. ఇంగ్లీషువాళ్ళు చేసేదీ అదే: ఎ కింగ్, తర్వాత ద కింగ్. అసలు వాళ్ళ ‘ఎ’ పుట్టిందే ‘ఒకటి’ అనే మాటలోంచి, ‘ద’ పుట్టింది మన ‘ఆ’లాంటి మాటలోంచి. ఇంతవరకూ చుట్టాలమే.

చిక్కంతా తర్వాతే. ‘ఒక చేప ఎండలేదు.’ ఈ ‘ఒక’ ఎ కాదు, వన్. ఏడింట్లో లెక్కపెట్టి చెబుతున్నాం. గడ్డిమోపు అడ్డొచ్చింది, ఆవు మెయ్యలేదు. ఏ ఆవు? తెలుగులో ఎవరూ అడగరు. ఇంగ్లీషులో నువ్వు తేల్చి తీరాలి. ఎ కౌ అంటే దారిన పోయే ఏదో ఆవు. ద కౌ అంటే ఆ గడ్డి తినాల్సిన ఆవే. నేనైతే ద కౌ అంటాను. మరి చివర్లో కుట్టిన చీమ? యాన్ యాంట్, అప్పటిదాకా దాని ఊసే లేదు కనక. ఎందుకు కుట్టావని నిలదీసేసరికి అదే ద యాంట్. ‘నా బంగారు పుట్ట’ దగ్గర రెండూ అక్కర్లేదు, ‘నా’ వచ్చి కూర్చుంది.

నాకూ ఇది ఊరికే రాలేదులే. నా మొదటి అనువాదంలో అమ్మమ్మ ఇత్తడి బిందె బావిలో పడుతుంది. ఎ వెల్ అని రాశాను. సంపాదకుడు పక్కన పెన్సిల్‌తో ‘వీళ్ళ పెరట్లో ఎన్ని బావులున్నాయి?’ అని రాసి తిప్పి పంపాడు. నాకది మా బావి. చదివేవాడికి ఏదో ఒక బావి అయిపోయింది.

ఎ, యాన్‌ల గొడవకి ఒక చిట్కా. మాటని తెలుగులో రాసి చూడు. అచ్చుతో మొదలైతే యాన్: అవర్ (గంట), ఎం.ఏ. యూనివర్సిటీకి ‘య’ వచ్చింది కనక ఎ. స్పెల్లింగు జోలికి పోకు. (గుడ్డుని ‘యెగ్గు’ అనే మా ఊరివాళ్ళకి ఇది పనికిరాదు. ‘యాంట్’ లాంటి మాటల దగ్గరా అంతే: మనం ‘యా’ అని రాస్తాం కానీ ఇంగ్లీషువాళ్ళ నోట అక్కడ ‘య’ లేదు, అచ్చే.)

అలాగని తెలుగులో ఆ తేడా లేదనుకునేవు. ‘బల్లమీద పుస్తకం ఉంది’, ‘పుస్తకం బల్లమీద ఉంది’. మొదటిది ఎ బుక్, రెండోది ద బుక్. మనం మాటల వరసలో దాచిందాన్ని వాళ్ళు ముందు చిన్న మాట పెట్టి చెబుతారు. నీ నాలుగో పేరాలో ‘ఉత్తరం గూట్లో ఉంది’ అన్నచోట ఎ లెటర్ అని రాశావు. రెండు పేజీలుగా ఆ పిల్ల ఇల్లంతా గాలిస్తోంది ఆ ఉత్తరం కోసమే కదా!

సరిచేసి ఇంగ్లీషు ఒక్కటే పంపు. తెలుగు కథ నా దగ్గరే ఉంచుకుంటాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు