సెలవులకు కారులో చుట్టాల ఊరికి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

సెలవులు దగ్గరపడినందువల్ల కాబోలు, ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం కుటుంబమంతా కారులో పల్లెలోని బంధువుల ఇంటికి వెళ్లే ప్రయాణం గురించే ఉన్నాయి. అందుకని ఈ సంచికలో ఆ ఒక్క విషయానికే చోటిచ్చాము.

ప్రశ్న: మావారు ఆఫీసు ముగించుకుని వచ్చి, భోజనం చేసి రాత్రి 10 గంటలకు కారు తీస్తే తెల్లవారేసరికి మా ఆడపడుచు గారి ఊళ్లో ఉంటామంటున్నారు. రోడ్డు ఖాళీగా ఉంటుంది, పిల్లలు నిద్రపోతారు, ఒక సెలవు రోజు కలిసి వస్తుంది అని ఆయన వాదన. నాకేమో భయంగా ఉంది. నా భయానికి అర్థం ఉందా?
— ఒక పాఠకురాలు

జవాబు: ఉందమ్మా. మీవారు చెప్పిన లాభాలన్నీ నిజమే, కాని ఆ లెక్కలో ఆయన నిద్ర ఒక్కటే లేదు. ఉదయం 6 గంటలకు లేచిన మనిషి రాత్రి 11 అయ్యేసరికి 17 గంటలు మెలకువగా ఉన్నట్టు. అంతసేపు మేలుకున్నవారి కన్ను, చేయి కలిసి పనిచేసే తీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవారి స్థాయికి పడిపోతుందని 1997లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. 24 గంటల మెలకువ దాదాపు 0.10 శాతంతో సమానమని కూడా అదే పరిశోధన చెప్పింది. మందు ముట్టని మనిషి కూడా, ఏ తప్పూ చేయకుండానే, తాగి నడిపేవారి సరసన చేరుతున్నాడన్నమాట.

దీనికి తోడు శరీరానికి తనదైన గడియారం ఒకటి ఉంది. రాత్రి 2 నుంచి ఉదయం 6 గంటల మధ్య అది మనిషిని బలవంతంగా నిద్రలోకి లాగుతుంది. మధ్యాహ్నం 2 నుంచి 4 మధ్య మరోసారి, కొంచెం తక్కువగా లాగుతుంది. మీవారి ప్రయాణంలో సగం సరిగ్గా ఆ మొదటి వేళలోనే పడుతోంది. అలసిన డ్రైవరుకు వచ్చే కునుకు కొన్ని సెకన్లదే, కళ్లు తెరిచి ఉండగానే రావచ్చు, వచ్చినట్టు తనకే తెలియకపోవచ్చు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు 28 మీటర్లు పోతుంది కనుక, 4 సెకన్ల కునుకులో 110 మీటర్ల దూరం కారు ఎవరూ నడపకుండా పోయినట్టే. నిద్ర వల్ల జరిగే ప్రమాదాలు అంత తీవ్రంగా ఉండటానికి కారణం కూడా అదే, గుద్దుకునే ముందు బ్రేకు మీద కాలు పడదు.

అద్దాలు దించడం, పాటలు పెద్దగా పెట్టడం, ముఖం కడుక్కోవడం వంటివి నిద్రను ఆపలేవు, ఆపామన్న భ్రమను మాత్రం ఇస్తాయి. దారిలో నిజంగా నిద్ర ముంచుకొస్తే పనికొచ్చేది ఒక్కటే: రోడ్డుకు దూరంగా, సురక్షితమైన చోట కారు ఆపి, ఒక కప్పు కాఫీ తాగి వెంటనే 15 నుంచి 20 నిమిషాలు పడుకోవడం. కాఫీ పనిచేయడానికి దాదాపు అంతే సమయం పడుతుంది కాబట్టి లేచేసరికి రెండూ కలిసి సాయపడతాయి. అంతకు మించి ఎక్కువసేపు పడుకుంటే లేచాక కాసేపు తల మొద్దుబారినట్టుంటుంది, ఆ మత్తు వదిలేదాకా స్టీరింగు పట్టకూడదు. ఇదంతా గట్టెక్కించే ఉపాయమే తప్ప రాత్రి నిద్రకు బదులు కాదు.

ఆయనకు నా సలహా ఇది: రాత్రి పెందలాడే పడుకుని, నిండా నిద్రపోయి, తెల్లవారాక బయలుదేరండి. కొందరు తెలివిగా వేకువజామున 3 గంటలకే లేచి బయలుదేరతారు కాని, అది ఇటు నిద్రను కోసి అటు గడియారపు చెడ్డ వేళలోనే రోడ్డెక్కించే ఏర్పాటు. ప్రతి 2 గంటలకు ఒకసారి పావుగంట ఆగండి. ఇద్దరు నడపగలిగితే మరీ మంచిది, కాని రెండోవారు కూడా రాత్రి నిద్రపోయి ఉంటేనే. కలిసొచ్చే సెలవు రోజు సంగతి అంటారా, రాత్రంతా కారు నడిపిన మనిషి ఆ రోజును అక్కగారింట్లో మంచం మీదే గడుపుతాడు. మిగిలిందేమిటో ఆయన్నే లెక్క చూడమనండి.

ప్రశ్న: మేము బయలుదేరినప్పటి నుంచి మా మామగారు అరగంటకోసారి ఫోను చేసి ఎక్కడిదాకా వచ్చారని అడుగుతూంటారు. ఆయన భోజనం చేయకుండా ఎదురు చూస్తున్నారని తెలిస్తే నా కాలు యాక్సిలరేటర్ మీద తెలియకుండానే బరువెక్కుతుంది. పెద్దాయనకు ఎలా చెప్పాలి?
— ఒక పాఠకుడు

జవాబు: మామగారికి చెప్పేముందు మీరు ఏమి చెబుతున్నారో చూసుకోండి. "ఒంటిగంటకల్లా వచ్చేస్తాం" అని మాట ఇచ్చింది మీరే అయి ఉంటారు. ఆ మాట ఇచ్చిన క్షణం నుంచీ దారిలో ఎదురయ్యే ప్రతి అడ్డంకీ మీకు ఆలస్యంగానే కనిపిస్తుంది. ఇకమీదట గంట చెప్పకండి, పూట చెప్పండి. "మధ్యాహ్నం దాటాక, చీకటి పడేలోగా వస్తాం, మీరు వేళకు భోంచేయండి, మేము దారిలో తినేస్తాం" అంటే పెద్దాయనకు ఆరాటం తగ్గుతుంది, మీకు తొందర తగ్గుతుంది.

వేగం పెంచితే దక్కేదెంతో కూడా చూద్దాం. 300 కిలోమీటర్ల దూరాన్ని గంటకు 80 చొప్పున పోతే 3 గంటల 45 నిమిషాలు, 100 చొప్పున పోతే 3 గంటలు. ఆ ముప్పావుగంట కూడా దారి పొడవునా ఒక్కసారి కూడా నెమ్మదించకుండా పోగలిగితేనే దక్కుతుంది, అలా ఎవరికీ కుదరదు. ఢీకొన్నప్పుడు కారులో ఉండే శక్తి మాత్రం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, 80 నుంచి 100కు పెంచితే అది 56 శాతం ఎక్కువవుతుంది. బేరం ఏ పక్క మొగ్గిందో తెలుస్తూనే ఉంది.

ఫోను మీ శ్రీమతి చేతికివ్వండి. చేతులు స్టీరింగు మీదే ఉంచి స్పీకరులో మాట్లాడితే ఇబ్బంది లేదనుకుంటారు చాలామంది. చేతులు ఖాళీగా ఉన్నా మనసు ఖాళీగా ఉండదు. ఆగిన ప్రతి చోటి నుంచి మీరే ముందుగా ఒక కబురు పంపితే మామగారికి ఫోను చేసే అవసరం చాలావరకు తీరిపోతుంది.

ప్రశ్న: మా బాబుకు ఏడేళ్లు. కారెక్కిన గంటలోపే వాంతి చేసుకుంటాడు. వాడి దృష్టి మళ్లించడానికి ఫోనులో బొమ్మల సినిమాలు పెడుతున్నాను. అయినా తగ్గడం లేదు.
— ఒక తల్లి

జవాబు: తగ్గకపోవడానికి ఆ ఫోను కూడా ఒక కారణమే. లోపలి చెవిలోని సమతౌల్య అవయవం శరీరం కదులుతోందని, ఊగుతోందని మెదడుకు కబురు పంపుతుంది. కళ్లేమో చేతిలోని కదలని తెరను చూస్తూ ఏ కదలికా లేదంటాయి. ఈ రెండింటికీ పొత్తు కుదరకపోవడం వల్లే వికారం పుడుతుంది. రెండేళ్లలోపు పిల్లలకు ఇది అరుదు, 2 నుంచి 12 ఏళ్ల మధ్య ఎక్కువ, ఆ తరువాత చాలామందిలో తగ్గిపోతుంది. కారు నడిపేవారికి సాధారణంగా ఈ బాధ ఉండదు, ఎందుకంటే మలుపు రాబోతోందని వారి శరీరానికి ముందే తెలుసు.

కాబట్టి బాబుకు ముందున్న రోడ్డు, దూరాన ఆకాశం నేలను కలిసే గీత కనిపించేలా కూర్చోబెట్టండి. వెనుక సీటు మధ్యభాగంలో సరైన బెల్టు ఉంటే అది మంచి చోటు. ముందు సీటులో రోడ్డు ఇంకా బాగా కనిపిస్తుంది కాని 12 ఏళ్లలోపు పిల్లలకు వెనుక సీటే క్షేమం. పుస్తకం, ఫోను వద్దు. కథలు చెప్పండి, బయట కనిపించేవాటితో ఆటలు ఆడించండి. ఖాళీ కడుపుతోనూ, నూనె ఎక్కువైన తిండితో నిండిన కడుపుతోనూ ఎక్కించకండి. ఏసీ వేసినప్పుడు లోపలి గాలినే తిప్పే బటన్ అదేపనిగా నొక్కి ఉంచకుండా మధ్యమధ్యలో బయటి గాలి రానివ్వండి, అది కారు నడిపేవారి మగతకు కూడా మంచిది. మందు వాడదలిస్తే పిల్లల వైద్యుణ్ని అడిగి, బయలుదేరడానికి అరగంట నుంచి గంట ముందే వేయాలి, వికారం మొదలయ్యాక వేస్తే పెద్దగా ఫలితం ఉండదు. ఆ మందుల్లో చాలావాటికి నిద్ర తెప్పించే గుణం ఉంది కనుక కారు నడిపేవారు వాటి జోలికి పోకూడదు.

ప్రశ్న: దూరప్రయాణంలో టైర్లు వేడెక్కుతాయి కాబట్టి ముందే గాలి కొంచెం తగ్గించుకోవాలని ఒకరు, నైట్రోజన్ నింపితే ఏ బాధా ఉండదని మరొకరు అంటున్నారు. ఏది నిజం?
— ఒక పాఠకుడు

జవాబు: మొదటిది ప్రమాదకరమైన సలహా. గాలి తక్కువైన టైరు పక్కలు చక్రం తిరిగిన ప్రతిసారీ ఎక్కువగా వంగుతాయి, ఆ వంపు వల్లనే ఎక్కువ వేడి పుడుతుంది, దారి మధ్యలో పగిలేది సాధారణంగా అలాంటి టైరే. పరుగులో వేడికి ఒత్తిడి కొంత పెరుగుతుందని తెలిసే తయారీదారు అంకె నిర్ణయిస్తాడు. ఆ అంకె చాలా కార్లలో డ్రైవరు తలుపు తెరిస్తే కనిపించే చీటీ మీద ఉంటుంది. కుటుంబమంతా, సామాను అంతా ఎక్కినప్పుడు వర్తించే అంకె కొంచెం ఎక్కువగా వేరే ఉంటే దాన్నే పాటించండి. కారు కొన్ని గంటలు కదలకుండా ఉన్న తరువాత, చల్లటి టైర్లలో చూసిందే సరైన కొలత. దారిలో ఆగి వేడి టైర్లలో ఎక్కువగా ఉందని గాలి తీసేయకండి. మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. శుద్ధ నైట్రోజన్ కొంచెం నెమ్మదిగా తగ్గవచ్చు, అంతకు మించి అద్భుతమేమీ లేదు.

స్టెప్నీని ఎవరూ పట్టించుకోరు, దానిలో గాలి ఉందో లేదో, జాకీ, వీల్ స్పానర్ డిక్కీలో ఉన్నాయో లేవో చూడండి. టైరు వయసు కూడా చూడవచ్చు: పక్కన DOT అనే ఇంగ్లీషు అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగంకెలు తయారైన వారాన్ని, సంవత్సరాన్ని చెబుతాయి. 2319 అంటే 2019లో 23వ వారం. టైరు మీది గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లకు చేరితే ఆ టైరుతో ప్రయాణం పెట్టుకోకూడదు, వానల్లో అయితే అంతకంటే ముందే మార్చడం మేలు.

ప్రశ్న: మా పాపకు ఎనిమిది నెలలు. మా అత్తయ్యగారు తన ఒడిలో పడుకోబెట్టుకుంటే హాయిగా నిద్రపోతుంది కదా, బేబీ సీటు ఎందుకు దండగ అంటున్నారు.
— ఒక కోడలు

జవాబు: అత్తయ్యగారి ప్రేమను శంకించనక్కరలేదు, చేతుల బలాన్ని మాత్రం శంకించాలి. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు ఢీకొని సెకనులో ఇరవయ్యో వంతులో ఆగిపోయిందనుకోండి. 9 కిలోల పాప ఆ క్షణంలో దాదాపు 250 కిలోల బరువుతో సమానమైన బలంతో ముందుకు దూసుకుపోతుంది. అంత బరువును ఎవరి చేతులూ పట్టి ఆపలేవు. ఇద్దరికీ కలిపి ఒకే బెల్టు పెట్టుకోవడం ఇంకా ఘోరం, పెద్దవారి బరువంతా బిడ్డను బెల్టుకు అదిమేస్తుంది.

ఆ వయసు బిడ్డకు కారు వెనుకవైపుకు ముఖం ఉండే సీటు కావాలి, దానిని వెనుక సీటులోనే బిగించాలి. ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్న ముందు సీటులో అలాంటి సీటును ఎన్నడూ పెట్టకూడదు. పాప ఏడిస్తే కారు ఆపి ఎత్తుకోండి, కారు కదులుతుండగా మాత్రం సీటులోంచి తీయకండి. పసిబిడ్డను ఎలాగూ 2 గంటలకు మించి ఆ సీటులో వరుసగా ఉంచకూడదు. అత్తయ్యగారిని పాప పక్కనే కూర్చోబెట్టి, ఆగిన ప్రతిచోటా పాపను ఆమె చేతికే ఇవ్వండి. ఆమెకూ మంచిదే, గంటల తరబడి కాళ్లు కదపకుండా కూర్చుంటే పెద్దవారి కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే అవకాశం ఉంటుంది కనుక పాపను ఎత్తుకుని నాలుగడుగులు నడిస్తే కాళ్లలో రక్తం ఆడుతుంది.

ప్రశ్న: డిక్కీ చాలక బరువైన పెట్టెలు కారు పైన కట్టవచ్చునా?
— ఒక పాఠకుడు

జవాబు: తేలికైనవి పైన, బరువైనవి డిక్కీలో కింద, వెనుక సీటుకు ఆనించి. పైన ఎంత బరువు పట్టవచ్చునో కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. పైబరువు కారును మలుపుల్లో ఒరిగిస్తుంది, గాలి తాకిడి పెరిగి ఇంధనమూ ఎక్కువ తాగుతుంది.

ప్రశ్న: పెద్ద రోడ్డు వదిలాక మా పెదనాన్నగారి ఊరికి పొలాల మధ్య చిన్న దారి ఉంది. అక్కడ ఫోను సిగ్నల్ ఉండదు. పోయినసారి మ్యాప్ దగ్గరి దారి అని చూపి ఎటో తీసుకుపోయింది.
— ఒక పాఠకురాలు

జవాబు: ఫోనుకు తాను ఎక్కడున్నదో తెలియడానికి సిగ్నల్ అక్కరలేదు, అది ఉపగ్రహాల నుంచి తెలుస్తుంది. సిగ్నల్ లేనిదే రానిది మ్యాప్ బొమ్మ. ఆ ప్రాంతపు మ్యాప్‌ను ఇంటి దగ్గరే ఫోనులోకి దించుకుంటే సగం చిక్కు తీరుతుంది. మిగతా సగానికి మీ పెదనాన్నగారే గతి. మ్యాప్‌కు దూరం తెలుసు కాని, దారి కారు పట్టేంత వెడల్పుందో లేదో, వానకు తెగిందో లేదో ఎప్పుడూ తెలియదు. బయలుదేరే ముందు రోజు ఆయనకు ఫోను చేసి, ఏ దారిన రావాలో గుర్తులతో సహా కాగితం మీద రాసుకోండి. వీలైతే పెద్ద రోడ్డు వదిలే కూడలికి ఎవరినైనా ఎదురు పంపమనండి.

ఆ చివరి దారిని వెలుతురుండగానే ముగించండి. డిమ్ చేసిన హెడ్‌లైట్లు స్పష్టంగా చూపేది 40 నుంచి 60 మీటర్ల దూరమే, 80 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు ఎండు రోడ్డు మీద పూర్తిగా ఆగడానికి 50 మీటర్లకు పైగా కావాలి. దీపం లేని బండో, దారికి అడ్డంగా నడిచే పశువో కనిపించేసరికే ఆలస్యమవుతుంది. పశువు హఠాత్తుగా ఎదురైతే స్టీరింగు పక్కకు విరిచేయకుండా తిన్నగా బ్రేకు గట్టిగా వేయండి, పక్కకు తిప్పినవారే చెట్లను, ఎదురు వాహనాలను గుద్దుకుంటారు. దారి మీద నీరు పారుతుంటే లోతు చూడటానికి కారు దింపకండి. 30 సెంటీమీటర్ల ప్రవాహం చిన్న కారును తేల్చగలదు, 60 సెంటీమీటర్లు చాలా వాహనాలను లాక్కుపోతుంది. అలాంటప్పుడు వెనక్కు తిరిగి పెద్ద రోడ్డెక్కి, సిగ్నల్ దొరికిన చోటి నుంచి పెదనాన్నగారికి విషయం చెప్పి, ఆ రాత్రికి దగ్గరి పట్టణంలో గది తీసుకోండి.