జవాన్ల ఇళ్లకు ఆపద సొమ్ము: చిట్టి వద్దు, సంఘం పెట్టుకోండి

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర ఊరు. నా భర్త ఆర్మీలో హవల్దార్, ఫీల్డ్ పోస్టింగ్‌లో, అంటే ఇంటివాళ్లను వెంట తీసుకెళ్లలేని చోట ఉన్నారు. చుట్టుపక్కల ఊళ్లల్లో మాలాంటి ఇళ్లు పన్నెండు ఉన్నాయి. పోయిన నెల ఒక అక్క వాళ్ల మామకు రాత్రిపూట గుండెనొప్పి వస్తే చేతిలో పైసలు లేక, బండి దొరకక చాలా తిప్పలు పడ్డారు. అందరం నెలకు 500 చొప్పున వేసుకుందామనుకుంటున్నాం. కొందరు చిట్టి వేయమంటున్నారు. ఏది మంచిది?

జవాబు: చెల్లెమ్మా, చిట్టి వద్దు. ఈ నెల చిట్టి వేరేవాళ్లు పాడుకున్నాక మీ ఇంట్లో మనిషి పడిపోతే ఆ డబ్బు మీకు అక్కరకు రాదు.

మన ఊళ్ల మహిళా సంఘాల పద్ధతే పట్టుకోండి. ఇరవై మంది లోపు ఉంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. తీర్మానం రాసుకొని సంఘం పేరు మీద బ్యాంకు ఖాతా తెరవొచ్చు. మీలో ఇప్పటికే వేరే సంఘంలో ఉన్నవాళ్ల సంగతి బ్యాంకులో ముందే అడగండి. కుదరకపోతే ముగ్గురి పేర్ల మీద జాయింట్ ఖాతా చాలు, ఏ ఇద్దరు సంతకం పెట్టినా డబ్బు వచ్చేలా.

నెలకు 6,000 అంటే ఏడాదికి 72,000. కానీ రాత్రి రెండు గంటలకు సంతకాలు ఎవరు పెడతారు? అందుకే చెరో ఊళ్లో ఉన్న ఇద్దరి దగ్గర ఐదేసి వేల నగదు ఉంచండి. అడగ్గానే ఇవ్వాలి, తెల్లారాక పుస్తకంలో రాయాలి. బండి ఉన్న ఇద్దరు ముగ్గురు డ్రైవర్లతో ఇప్పుడే మాట్లాడి, వాళ్ల నంబర్లు ఆ పుస్తకం మొదటి పేజీలోనే రాసుకోండి. ఆ రాత్రి మీ అక్కకు డబ్బు కంటే ముందు కావలసింది బండి, పక్కన ఒక మనిషి.

తీసుకున్నది వడ్డీ లేకుండా మూడు నెలల్లో కట్టాలి. ఆస్పత్రికి తప్ప ప్లాటుకో, పెళ్లికో ఇవ్వకండి. ఎవరి భర్తకైనా పీస్ పోస్టింగ్, అంటే కుటుంబంతో ఉండే వీలున్న చోటు వస్తే వాళ్లు క్వార్టర్స్‌కు వెళ్లిపోతారు. అప్పుడు వాళ్ల పొదుపు ఎన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలో మొదటి మీటింగ్‌లోనే రాసుకోండి. మంచి సంఘాలు విడిపోవడం నేను చూసింది ఇక్కడే.

ఇక మీ సొంత ఇంటి సంగతి. మా తమ్ముడు బార్డర్‌లో ఉన్నప్పుడు అమ్మకు ఆపరేషన్ పడింది. నాలుగు లక్షల డిపాజిట్ ఉంది, కానీ వాడి ఒక్కడి పేరు మీదే. వాడికి సిగ్నల్ దొరికేసరికి ఆరు రోజులు పట్టింది. మేం బంగారం కుదువ పెట్టాం. మీకా పరిస్థితి రావద్దు. ఈసారి లీవుకు వచ్చినప్పుడు మూడు నెలల ఖర్చు మీ ఇద్దరి పేరు మీద పెట్టించండి. పెళ్లి, పిల్లల పుట్టుక పార్ట్-2 ఆర్డర్‌లో, అంటే జవాను కుటుంబ వివరాలు ఆర్మీ రికార్డుకు ఎక్కించే ఆర్డర్‌లో ఎక్కాయా, నామినీగా మీ పేరు ఉందా అని కూడా అడగండి. భూమి గొడవలాంటివి వస్తే నల్గొండలోని సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి.

మీ ఆయన ఎక్కడున్నారో ఉత్తరంలో రాయలేదు, మంచి పని చేశారు. సంఘం వాట్సాప్ గ్రూపులో కూడా ఎవరూ ఆ వివరాలు పెట్టకండి. ఆర్మీ నంబరు, యూనిట్ అడ్రస్ కాగితం మీద రాసి ఎవరి బీరువాలో వాళ్లు దాచుకోండి, అది ఎక్కడుందో అత్తమ్మకు కూడా చెప్పి ఉంచండి.