పొట్టలో స్టెంట్ వేస్తే గుండె మీద భారం పడుతుందా?

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. పొట్టలోని పెద్ద రక్తనాళం 5.8 సెం.మీ. ఉబ్బిందని ఎనిమిది నెలల క్రితం స్టెంట్ గ్రాఫ్ట్ వేశారు. సీటీలో లీకేజీ లేదన్నారు. కానీ అప్పట్లో 140/80 ఉండే బీపీ ఇప్పుడు 158/68 చూపిస్తోంది. మెట్లెక్కితే ఆయాసపడుతున్నారు. ఎకోలో గుండె గోడ కాస్త మందమైందని, పంపింగ్ 60 శాతం ఉందని రాశారు. స్టెంట్ వల్లే గుండె పాడవుతోందా? తీయించేయాలా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: తీయించే ఆలోచన అసలు పెట్టుకోకండమ్మా. అంత ఉబ్బు పగిలితే చాలామంది ఆసుపత్రికి చేరేలోపే చనిపోతారు. మీ నాన్నగారికి ఆ గండం తప్పించింది ఈ స్టెంటే. పొట్ట కోసి ఆపరేషన్ చేసినా లోపల పెట్టేది సాగని గుడ్డ గొట్టమే కాబట్టి, మార్పించినా గుండెకు ఒరిగేదేమీ ఉండదు.

అయితే మీ అనుమానంలో నిజం ఉంది. బృహద్ధమని, అంటే గుండె నుంచి పొట్ట దాకా వచ్చే ఆ పెద్ద రక్తనాళం, మంచి రబ్బరు గొట్టం లాంటిది. గుండె కొట్టుకున్నప్పుడు సాగి కొంత రక్తాన్ని తనలో నిలుపుకుంటుంది, గుండె సేదతీరే క్షణంలో దాన్ని ముందుకు నెడుతుంది. స్టెంట్ గ్రాఫ్ట్‌లో లోహపు జాలీ, దానికి పాలిస్టర్ గుడ్డ లేదా పీటీఎఫ్ఈ అనే ప్లాస్టిక్ పొర ఉంటాయి. అది ఉన్నంత మేరా నాళం దాదాపు సాగదు. అప్పుడు గుండె కొట్టుకోగానే పుట్టే నాడి తరంగం వేగంగా వెళ్లి, గుండె ఇంకా రక్తం పంపుతుండగానే వెనక్కి తిరిగి వస్తుంది. దాంతో పై బీపీ పెరిగి, కింది బీపీ తగ్గుతుంది. మీ నాన్నగారికి ఈ రెండు అంకెల మధ్య తేడా 60 నుంచి 90కి చేరింది. ఆ ఒత్తిడికి ఎదురు పనిచేసే ఎడమ జఠరిక (ఒంటికి రక్తం పంపే గుండె గది) గోడ క్రమంగా మందమవుతుంది. మందమైన కండ త్వరగా వదులవదు. అందుకే పంపింగ్ 60 శాతంతో మామూలుగానే ఉన్నా మెట్ల దగ్గర ఆయాసం రావచ్చు. పైగా గుండె కండకు రక్తం ఎక్కువగా అందేది అది వదులైన సమయంలోనే. కింది బీపీ బాగా పడిపోవడం మంచిది కాదనేది అందుకే.

ఛాతీ భాగంలో స్టెంట్ వేసినప్పుడు ఈ ప్రభావం ఇంకా ఎక్కువ, ఎందుకంటే ధమనికి సాగే గుణం అక్కడే ఎక్కువ. రోడ్డు ప్రమాదంలో ధమని చిట్లి, స్టెంట్ వేయించుకున్న కుర్రవాళ్లలో కూడా తర్వాత బీపీ కనిపించడం వైద్యులు గమనించారు. పొట్ట భాగంలో మార్పు తక్కువే. మీ నాన్నగారి వయసులో, ఉబ్బిన నాళం ముందే చాలావరకు బిగుసుకుపోయి ఉంటుంది కూడా.

కాబట్టి నెపమంతా స్టెంట్ మీద వేసి ఊరుకోకూడదు. ఇక్కడ నాకు ముఖ్యంగా అనిపించేది కిడ్నీ. గ్రాఫ్ట్ పై అంచు కిడ్నీ రక్తనాళాల మొదలుకు చాలా దగ్గరగా ఉంటుంది. అక్కడ కాస్త అడ్డుపడినా బీపీ పెరుగుతుంది. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష), కిడ్నీ డాప్లర్ (నాళాల్లో రక్తప్రవాహం చూసే స్కాన్) చేయించండి. కొన్ని బీపీ మాత్రలు కిడ్నీ నాళాలు సన్నబడినవారికి పడవు, అందుకని ఈ ఫలితాలు వచ్చాకే మందు మార్చడం మేలు. ఈ జబ్బు ఉన్న చాలామందికి గుండె రక్తనాళాల్లో కూడా పూడికలు ఉంటాయి. ఆయాసానికి అది కారణమేమో కార్డియాలజిస్టు తేల్చాలి. హిమోగ్లోబిన్ కూడా చూడాలి.

1990లో బ్యూనస్ ఎయిర్స్‌లో డాక్టర్ హువాన్ పరోడి పొట్టలోని ఉబ్బుకు ఇలాంటి గ్రాఫ్ట్ వేసినప్పటి నుంచి అందరి దృష్టీ లీకేజీ మీదే ఉంది. సీటీ బాగుందంటే అంతా బాగున్నట్టేనని ఇళ్లలో నిశ్చింతగా ఉంటారు. గుండెను కూడా అంతే శ్రద్ధగా చూడాలని నేను గట్టిగా చెబుతాను. వచ్చే చెకప్‌కు వెళ్లేటప్పుడు పాత ఎకో రిపోర్టు తీసుకెళ్లి పోల్చి చూడమనండి. ఇంట్లో ఓ వారం పాటు ఉదయం, సాయంత్రం కూర్చోబెట్టి బీపీ చూసి రాసుకోండి. చాలామందిలో లక్ష్యం 130/80 లోపు. కానీ మీ నాన్నగారికి కింది బీపీ ఇప్పటికే 68 ఉంది కాబట్టి, పై బీపీని మెల్లగా దించాలి. లేచి నిలబడగానే కళ్లు తిరుగుతుంటే డాక్టరుకు చెప్పండి. మీ అంతట మీరు మాత్ర పెంచడం, ఆపడం వద్దు.

బీడీ, సిగరెట్ ఉంటే ఈ రోజే మాన్పించండి. పచ్చడి, అప్పడం, వడియాలు బాగా తగ్గించండి. డాక్టరు సరేనన్నాక రోజూ సమతలంలో నడవనివ్వండి, బరువులు ఎత్తనివ్వకండి. జ్వరానికో, యూరిన్ ఇన్‌ఫెక్షన్‌కో సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ రాస్తుంటే ఈ ఉబ్బు సంగతి తప్పక చెప్పండి. ధమని ఉబ్బు ఉన్నవారికి వాటిని వీలైనంతవరకు వాడకూడదని 2018లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది.

పొట్టలోనో నడుములోనో ఉన్నట్టుండి తీవ్రమైన నొప్పి వచ్చినా, కాలు చల్లబడి తిమ్మిరెక్కినా, ఛాతీ పట్టేసినా, పడుకుంటే ఊపిరాడకపోయినా ఫోన్లో సలహా కోసం ఆగకుండా 108కి ఫోన్ చేయండి.