రైల్వే ఉద్యోగం మానేసి తొమ్మిది లక్షల కాంట్రాక్టుకు వెళ్లనా?

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. మాది గుంటూరు దగ్గర పల్లెటూరు. బాస్కెట్‌బాల్ మీద స్పోర్ట్స్ కోటాలో మూడేళ్ల కిందట రైల్వేలో ఉద్యోగం వచ్చింది, సికింద్రాబాద్‌లో ఉంటున్నాను. అన్నీ పోను నెలకు 52 వేలు చేతికొస్తోంది. ఈమధ్యే నగదు పురస్కారంగా 5 లక్షలు వచ్చాయి. విదేశీ క్లబ్ ఒకటి ఆరు నెలల సీజన్‌కు 9 లక్షలు ఇస్తుందని, ఉద్యోగానికి రాజీనామా చేసి వచ్చేయమని ఓ ఏజెంటు వెంటపడుతున్నాడు. నాన్న షాద్‌నగర్ వైపు ప్లాటుకు అడ్వాన్స్ కడదామంటున్నారు, అమ్మ పెళ్లికి బంగారం కొనమంటోంది, అన్నయ్య కారు లోనుకు హామీ సంతకం అడుగుతున్నాడు. అమెరికాలో ఆడపిల్లలు ఇదే ఆటతో కోట్లు సంపాదిస్తుంటే నేను ఇక్కడే ఉండిపోవడం తెలివైన పనేనా?

జవాబు: రాజీనామా మాత్రం చేయకండి. వెళ్లి ఆడొద్దని కాదు, ఉద్యోగం ఉంచుకుని వెళ్లే దారి ఉందేమో ముందు చూడండి అంటున్నాను.

లెక్క మీ ముందే వేస్తాను. ఆరు నెలలకు 9 లక్షలంటే నెలకు లక్షన్నర, మీ జీతానికి దాదాపు మూడింతలు, వినగానే ఎవరికైనా కళ్లు తిరుగుతాయి. కానీ ఆ తర్వాతి ఆరు నెలలు ఏంటి? ఏడాది మొత్తానికి పరిస్తే నెలకు 75 వేలు, అందులోంచి ఏజెంటు కమిషన్, అక్కడి పన్ను, టికెట్లు తీసేస్తే మీ 52 వేలకు పెద్ద తేడా ఉండదు. పైగా ఆ 52 వేలు మీ జీతం మొత్తం కాదు. మీ బేసిక్, డీఏ కలిపి 43 వేల దాకా ఉంటుందనుకుంటే, ఎన్‌పీఎస్‌కు (అదే మీ పింఛను ఖాతా) మీ వాటా 10 శాతం, అంటే 4,300, దానికి ప్రభుత్వం వేసే 14 శాతం ఇంకో 6 వేలు. నెలకు పదివేలు మీ కంటికి కనపడకుండా జమ అవుతోంది. జీతం ఒక్క రూపాయి పెరగకపోయినా, ఏడాదికి 9 శాతం వస్తుందనుకుంటే (గ్యారంటీ ఏమీ లేదు, ఊరికే అంచనా) మీకు 60 వచ్చేసరికి అది రెండున్నర కోట్లు దాటుతుంది. ఏజెంటు చెప్పే లెక్కలో ఈ డబ్బుంటుందా?

ఇక అమెరికా సంగతి. 2024లో స్టార్ ప్లేయర్ కెయిట్లిన్ క్లార్క్ అక్కడి మహిళల బాస్కెట్‌బాల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలోకి వచ్చినప్పుడు లీగ్ ఇచ్చిన తొలి ఏడాది జీతం 76,535 డాలర్లు. ఆమె కోట్లన్నీ బూట్ల కంపెనీలూ ప్రకటనలూ ఇచ్చినవి. అంతకుముందు డయానా టౌరాసీ లాంటి దిగ్గజం కూడా చలికాలమంతా రష్యాలో ఆడేది, ఎందుకంటే అమెరికా జీతం లక్షా ఏడు వేల డాలర్ల దగ్గరుంటే రష్యా క్లబ్ దాదాపు 15 లక్షల డాలర్లు ఇచ్చేది. 2015లో అమెరికా సీజన్ ఆడకుండా రెస్ట్ తీసుకోమని కూడా ఆ క్లబ్బే డబ్బిచ్చింది! బ్రిట్నీ గ్రైనర్ 2022లో రష్యాలో అరెస్టై పది నెలలు బందీగా గడిపింది కూడా అలా అదనపు సీజన్ ఆడడానికి వెళ్లినప్పుడే. ఆట నుంచి వచ్చే జీతం ఒక్కటే నమ్ముకుని నిలబడ్డ మహిళా ప్లేయర్లు అప్పట్లో అక్కడ కూడా తక్కువే. మనకు బూట్ల కంపెనీలు ఎలాగూ రావు, ఆ స్థానంలో రైల్వే ఉంది. సీనియర్ నేషనల్స్‌లో రైల్వేస్ అమ్మాయిలు అన్నేళ్లుగా ఎందుకు గెలుస్తున్నారో మీకు నేను చెప్పాలా?

ఉద్యోగం ఉంచుకుని బయట ఆడొచ్చా అంటే, ఆడినవాళ్లున్నారు. సదరన్ రైల్వే గీతు అన్నా జోస్ ఆస్ట్రేలియాలో రింగ్‌వుడ్ హాక్స్‌కు ఆడింది, 2011లో డబ్ల్యూఎన్‌బీఏ జట్ల ట్రయల్స్‌కూ వెళ్లొచ్చింది. కాబట్టి మీ స్పోర్ట్స్ ఆఫీసర్‌ను కలిసి, సెలవూ ఎన్‌ఓసీ ఇస్తారేమో రాతపూర్వకంగా అడగండి. ప్రభుత్వ ఉద్యోగంలో ఉండి అనుమతి లేకుండా బయట జీతం తీసుకోవడం రూల్స్‌కు విరుద్ధం, ఆ పొరపాటు మాత్రం చేయొద్దు. అనుమతి దొరికితే సంతోషంగా వెళ్లండి, ఆ 9 లక్షలు బోనస్ అనుకోండి. దొరక్కపోతే ఈ క్లబ్‌ను వదిలేయండి, బాధ ఉంటుంది, అయినా సరే.

అగ్రిమెంటులో నేను ముందు చూసేది జీతం అంకె కాదు. మూడో వారంలో మోకాలు టప్పుమని లోపలి లిగమెంట్ ఏసీఎల్ పోయిందనుకోండి (ఈ గాయం మగవాళ్లకంటే మహిళా ప్లేయర్లకే ఎక్కువ అవుతుందని మీకు తెలిసే ఉంటుంది), ఆపరేషన్ ఎవరు చేయిస్తారు, మిగతా ఐదు నెలల జీతం ఇస్తారా, తిరుగు టికెట్ ఎవరిది? ఇక్కడైతే లాలాగూడ రైల్వే ఆసుపత్రి ఉంది, తొమ్మిది నెలలు రీహాబ్‌లో ఉన్నా ఉద్యోగం మీదే. అక్కడ ఆ వాక్యం కాగితం మీద లేకపోతే లేనట్టే. ఇన్సూరెన్స్ విషయంలోనూ ఇదే జాగ్రత్త. పర్సనల్ యాక్సిడెంట్ పాలసీల్లో చాలా వాటికి ప్రొఫెషనల్ ఆటల్లో తగిలిన దెబ్బలు వర్తించవు, అది ఎక్కడో చివరి పేజీలో చిన్నక్షరాల్లో ఉంటుంది. ఫారంలో వృత్తి దగ్గర 'రైల్వే క్లర్క్' అని మాత్రమే రాసి ఊరుకోకండి, క్రీడాకారిణి అని కూడా రాయండి, రెండు వేలు ప్రీమియం ఎక్కువైనా పర్లేదు.

ఇప్పుడు మీ 5 లక్షలు. ముందు ఆ పురస్కారం ఉత్తర్వు కాపీ జాగ్రత్త చేయండి, ప్రభుత్వం ఇచ్చే కొన్ని పురస్కారాలకు పన్ను మినహాయింపు ఉంటుంది, మీది అందులోకి వస్తుందో లేదో ఆ కాగితమే చెబుతుంది. మీ జీతం వరకైతే కొత్త పద్ధతిలో పన్నే పడదు, కాబట్టి టాక్స్ సేవింగ్ అంటూ ఎండోమెంట్ పాలసీ పట్టుకొచ్చే బంధువుకు కాఫీ ఇచ్చి పంపేయండి. రెండు లక్షలు మీ ఒక్కరి పేరుతో ఎఫ్‌డీ చేయండి, అది గాయాల డబ్బు, పెళ్లికి కూడా ముట్టుకోకూడదు. ఇంకో రెండు ఇండెక్స్ ఫండ్‌లోకి ఏడాదిలో కొంచెం కొంచెంగా పంపండి, జీతంలోంచి నెలకు 12 వేలు సిప్ దానికి తోడు.

మిగిలిన లక్ష చదువుకు, నవ్వకండి. నా దగ్గరికి ఒకావిడ వస్తుంటారు, పాత వాలీబాల్ ప్లేయర్, ఓ ప్రభుత్వ సంస్థలో స్పోర్ట్స్ కోటా ఉద్యోగి. పదమూడేళ్లు పొద్దున్నే రిజిస్టర్‌లో సంతకం పెట్టి గ్రౌండుకు వెళ్లిపోవడమే, ఫైలు ముట్టుకున్నది లేదు. 36 ఏళ్లకు ఆట ఆపేసి సీట్లో కూర్చుంటే, ఆవిడ తర్వాత చేరిన కుర్రాడు పైఅధికారి అయ్యాడు. మొదటిసారి వచ్చినప్పుడు నన్ను మ్యూచువల్ ఫండ్ల గురించి అడగలేదు, ఎక్సెల్ బాగా నేర్పేదెక్కడ అని అడిగారు. మీకు ఆట ఇంకో ఎనిమిదేళ్లుంటుంది, మహా అయితే పదేళ్లు (భారత జట్టు మాజీ కెప్టెన్ అనితా పాల్‌దురై లాగా బిడ్డ పుట్టాక కూడా తిరిగొచ్చి ఆడేవాళ్లు అరుదు), ఆ తర్వాత పాతికేళ్ల సర్వీసు మిగిలే ఉంటుంది. డిగ్రీ మధ్యలో ఆగిపోయి ఉంటే దూరవిద్యలో పూర్తి చేయండి, డిపార్ట్‌మెంటల్ పరీక్షల సిలబస్ తెచ్చుకోండి, కోచింగ్ మీద మనసుంటే ఎన్‌ఐఎస్ డిప్లొమాకు ఈ డబ్బు పనికొస్తుంది.

ఇంట్లోవాళ్ల కోరికల దగ్గరికొస్తే, ప్లాటు ఇప్పుడు వద్దు. అడ్వాన్స్ కట్టడం తేలికే, మిగతా వాయిదాలు మీ జీతం మీద పడతాయి, గాయమైన ఏడాది అమ్ముదామంటే కొనేవాడు దొరకడు. నాన్నగారికి మీరు చెప్పలేకపోతే నా మీదకు నెట్టేయండి. బంగారానికి అమ్మతో గొడవెందుకు, ఏడాదికి ఓ పది గ్రాముల లోపు కొనుక్కోండి, నగలు కాకుండా నాణేలైతే మజూరీ, తరుగు బాగా తగ్గుతాయి. అన్నయ్యకు హామీ సంతకం మాత్రం వద్దేవద్దు. ఆయన రెండు ఈఎంఐలు తప్పితే బ్యాంకు ఫోన్ మీకే వస్తుంది, రేపు మీకు హోమ్ లోన్ కావాలంటే మీ సిబిల్‌లో ఆ కారే కూర్చుని ఉంటుంది. రాఖీకి ఆ చదువు లక్షలోంచే ఓ పాతిక వేలు చేతిలో పెట్టండి, అంతకన్నా చవక. మిగిలిన 75 వేలు చదువుకు చాలు.

ఏజెంటు తొందరపెడుతుంటే అగ్రిమెంటు కాపీ పంపమనండి. వచ్చాక ఫోటోలు తీసి నాకు పంపండి, సంతకం పెట్టకముందే.