ముందు తెలిసింది మీకు, అంతే

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. నాకు 22 ఏళ్లు, ఇప్పుడు ఐదో నెల. ఆస్పత్రిలో రక్తపరీక్ష చేస్తే హెచ్‌ఐవీ అని తేలింది. మావారు లారీ డ్రైవర్. పరీక్షకు రమ్మంటే ‘నాకేం రోగం?’ అంటున్నారు. నువ్వే తెచ్చావంటూ మా అత్తగారు నా కంచం, గ్లాసు పెరటి గోడ మీద పెట్టించారు. పుట్టింటికి పొమ్మంటున్నారు. మాత్రలు కందిపప్పు డబ్బాలో దాచుకుని, అందరూ పడుకున్నాక వేసుకుంటున్నాను. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆ కంచం వంటింట్లోకి తిరిగి రావాలమ్మా. కలిసి తిన్నా, ఒకే గ్లాసుతో తాగినా, బట్టలు కలిపి ఉతికినా హెచ్‌ఐవీ సోకదు.

ఇక నింద సంగతి. గర్భిణులకు ఆస్పత్రిలో ఈ పరీక్ష చేస్తారు. మగవాళ్లకు అలాంటి సందర్భం రాదు కాబట్టి చాలా ఇళ్లలో ముందు భార్యకే బయటపడుతుంది. ముందు తెలిసినంత మాత్రాన ముందు సోకినట్టు కాదు. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఆ పరీక్ష చెప్పనే చెప్పదు. అయినా కోడలిని నిలదీసే ఇంట్లో కొడుకును ఒక్క మాట అడిగేవాళ్లుండరు. ఇలాంటి ఉత్తరం చదివిన ప్రతిసారీ నాకు కడుపు రగిలిపోతుంది.

మాత్రలు ఒక్క రోజు కూడా మానకండి. హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌లో ఉచితంగా ఇస్తారు. మందులు వాడకపోతే బిడ్డకు సోకే అవకాశం నూటికి 15 నుంచి 45 దాకా ఉంటుంది. మీరు సరిగ్గా వాడి, పుట్టగానే బిడ్డకూ మందు వేయిస్తే అది 5 లోపుకి వస్తుంది. కాన్పు ఆస్పత్రిలోనే కావాలి. పాలివ్వడం గురించి ఇరుగుపొరుగును కాదు, డాక్టర్‌ని అడగండి.

భర్తతో ఒంటరిగా వాదనకు దిగకండి. చెయ్యి చేసుకుంటారన్న భయం ఉంటే అసలే వద్దు. పరీక్ష చేసిన చోట ఐసీటీసీ (హెచ్‌ఐవీ పరీక్ష, సలహా కేంద్రం) కౌన్సెలర్ ఉంటారు. మీవారిని పిలిపించి మాట్లాడమని ఆ కౌన్సెలర్‌నే అడగండి. వీలైతే అత్తగారినీ తీసుకెళ్లండి. మీరు వందసార్లు చెప్పినా వినని మాట అక్కడ వినొచ్చు.

ఆయనకు నెగెటివ్ వచ్చినా మిమ్మల్ని బయటికి నెట్టే హక్కు ఎవరికీ లేదు. 2017లో వచ్చిన హెచ్‌ఐవీ చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. ఆ ఇంట్లో ఉండే హక్కు మీకు అదే ఇచ్చింది. అవసరమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్లకు ఉచితంగా లాయర్‌ని పెడతారు. ఏ సందేహమున్నా 1097కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు.

కాన్పుకు పుట్టింటికి వెళ్లాలని మీకే అనిపిస్తే వెళ్లండి. ముందుగా ఏఆర్‌టీ సెంటర్‌లో చెబితే అక్కడికి దగ్గర్లో మందులు అందే ఏర్పాటు చేస్తారు. మాత్రలు, ఆస్పత్రి కాగితాలు మీ సంచిలోనే పెట్టుకోండి.