మ్యూజిక్‌మాస్టర్ గిటారుని మస్టాంగ్ గిటారుగా చేయబోతున్న అమ్ములుకి

అమ్ములూ,

నువ్వు పంపిన ఫొటోలు రాత్రి రెండుసార్లు చూశాను. ఎవరో రంగంతా గీకేసి, సామాన్లు ఊడబీకి వదిలేసిన 70ల నాటి మ్యూజిక్‌మాస్టర్ బాడీ అది. దాన్ని మస్టాంగ్‌గా మారుస్తానన్నావు. మార్చు, నాకు చాలా సంతోషం. అదే ఫ్యాక్టరీ రంగుతో, అసలు పార్టులతో ఉండుంటే మాత్రం దాని మీద రౌటర్ (చెక్కలో గుంటలు తవ్వే మిషను) పెట్టనిచ్చేవాణ్ణి కాదు.

ఫెండర్ గిటారు కంపెనీ వాళ్ళు 1956లో మ్యూజిక్‌మాస్టర్‌నీ డ్యుయో-సోనిక్‌నీ నేర్చుకునే పిల్లల కోసం తెచ్చారు. 1964లో మస్టాంగ్ వచ్చాక ఆ రెంటికీ కూడా దాని ఆకారమే ఇచ్చారు. అందుకే బయటి అంచు జోలికి నువ్వు వెళ్ళక్కర్లేదు. పనంతా లోపలే. తీగలు ఆనే బ్రిడ్జ్ వైపు రెండో పికప్‌కి (తీగల మోతని పట్టే అయస్కాంతపు ముక్క) గుంట, రెండు స్లైడ్ స్విచ్‌లకి చోటు, శ్రుతిని ఊపే వైబ్రాటో స్ప్రింగులకి గుంట, బ్రిడ్జ్ కాళ్ళు దిగే రెండు రంధ్రాలు. ముందు పిక్‌గార్డ్ (బాడీని కప్పే ప్లాస్టిక్ పలక) వచ్చే చోటు చూడు, వీటిలో కొన్ని ఇంతకుముందే ఎవరైనా తవ్వి ఉండొచ్చు.

నెక్ సంగతి. నట్ (నెక్ పై చివర తీగలు కూర్చునే గాళ్ళ ముక్క) నుంచి 12వ ఫ్రెట్ (నెక్ మీది లోహపు అడ్డకమ్మి) దాకా కొలిచి చూడు. 12 అంగుళాలుంటే 24 అంగుళాల స్కేలు, అంటే మోగే తీగ పొడవు, 11.25 ఉంటే 22.5 స్కేలు. చిన్నదొస్తే దిగులుపడకు. 22.5 నెక్‌కి 21 ఫ్రెట్లు, 24 నెక్‌కి 22. ఆఖరి ఫ్రెట్ నుంచి శాడిల్ (బ్రిడ్జ్ మీద తీగ ఆనే ముక్క) దాకా లెక్కవేస్తే చిన్నదానికి దాదాపు 170 మిల్లీమీటర్లు, పెద్దదానికి 171. ఒక్క మిల్లీమీటరే తేడా! అంటే బ్రిడ్జ్ చోటు కదలకుండానే నెక్ మార్చుకోవచ్చు. ఎంత పొందిగ్గా ఆలోచించారో చూడు.

ఇప్పుడు అసలు విషయం. నేను మొదటిసారి ఇలాంటి పని చేసినప్పుడు బాడీ అంచునుంచి కొలతలు తీసుకుని బ్రిడ్జ్ రంధ్రాలు వేశాను. తీగలు బిగించాక చూస్తే సన్న ఇ తీగ ఫ్రెట్‌బోర్డు అంచుమీదకి వచ్చేసింది, వేలు పెడితే పక్కకి జారిపోతోంది. తప్పు 3 మిల్లీమీటర్లే. రంధ్రాల్లో చెక్క బిరడాలు అతికించి, ఆరబెట్టి, మళ్ళీ తవ్వేసరికి పది రోజులు పట్టింది. ఈ బాడీకి నడుము రెండు వైపులా ఒకేలా ఉండదు కదా, అంచుని నమ్మకూడదు. నెక్‌నే నమ్మాలి.

అందుకని నెక్ బిగించేసి, రెండు కుట్టు దారాలు తీసుకో. నట్‌లో మొదటి గాడిలోంచి ఒకటి, ఆరో గాడిలోంచి ఒకటి లాగి, బాడీ వెనక చివర టేపుతో అంటించు. దారం రెండు పక్కలా ఫ్రెట్‌బోర్డు అంచుకి సమాన దూరం వచ్చేదాకా జరుపు. ఆ రెంటి నడిమి గీతను సన్న పెన్సిల్‌తో బాడీ మీద గీయి. ఇక ప్రతి గుంటా, ప్రతి రంధ్రం ఆ గీత నుంచే కొలవాలి. 24 నెక్ అయితే సన్న ఇ శాడిల్ నట్ నుంచి సుమారు 610 మిల్లీమీటర్లలో ఉంటుంది, లావు ఇ దానికంటే రెండు మూడు మిల్లీమీటర్లు వెనక్కి. కాబట్టి ఆ నెక్‌కి బ్రిడ్జ్ కాళ్ళ చోటు 612 దగ్గర పెట్టుకో. శాడిళ్ళకి ముందుకీ వెనక్కీ జరిగే వీలుండాలి.

వైబ్రాటో గుంటకి ఏ డ్రాయింగూ వాడొద్దు. కొన్న ప్లేటునే బాడీ మీద పెట్టి, దాని చుట్టూ గీసుకుని, స్ప్రింగులు ఎక్కడ కదులుతాయో చూసి, ఆ మేరకే ఎండీఎఫ్ (చెక్కపొడి పలక) ముక్కతో అచ్చు తయారు చేసుకో. పికప్ గుంటకి పిక్‌గార్డే అచ్చు. ముందు పాత చెక్క మీద ఓసారి తవ్వి, పార్టులు కూర్చోబెట్టి చూడు. రౌటర్‌తో ఒకేసారి లోతుకి దిగొద్దు, విడతకి 3 మిల్లీమీటర్లు చాలు, మూలలో చెక్క చీలిపోతుంది లేకపోతే. మాస్క్ పెట్టుకో, ఆ చెక్క దుమ్ము ముక్కులోకి పోనీకు. వెనకవైపు ఎంత చెక్క మిగులుతుందో తవ్వకముందే లెక్క వేసుకో.

మస్టాంగ్ బ్రిడ్జ్ నీ పాతదానికంటే ఎత్తు. తీగలు ఫ్రెట్‌బోర్డుకి చాలా పైకి లేస్తే, నెక్ కీలు గుంటలో బ్రిడ్జ్ వైపున పల్చటి ముక్క పెట్టు. అర మిల్లీమీటరు నుంచి మొదలెట్టు, అట్టముక్క పెట్టి చూసుకున్నాక మేపుల్ పలకతో మార్చు.

వైబ్రాటో ప్లేటుకి ఒక ఎర్త్ తీగ కంట్రోల్ గుంటలోకి వెళ్ళాలి. దానికి సన్నటి పొడుగు డ్రిల్ బిట్ కావాలి, నా దగ్గరుంది, పంపిస్తాను. రెండు స్విచ్‌లూ ఎదురు దిశల్లో పెడితే గొంతు సన్నగా, ముక్కుతో పాడినట్టు వస్తుంది. వైరింగ్ తప్పిందనుకుని విప్పెయ్యకు, అది మస్టాంగ్ గొంతే.

దారాలు లాగిన ఫొటో, కొలబద్ద పక్కన పెట్టి తీసింది, శనివారం లోపు పంపు. అది చూశాకే డ్రిల్ పట్టుకో.

మీ పెదనాన్న